ఎస్తేరు పాటలో తెల్ల జాగా

గూడూరు పక్కన మా ఊళ్లో ఎలీషా కలంకారీ అద్దకం చేస్తాడు. పొద్దున్నే బల్ల ముందు నిలబడి, టేకు అచ్చుని పటికలో ముంచి, గుడ్డ మీద పెట్టి ఒక్క దెబ్బ వేస్తాడు. పక్కన ఎవరో ఒకరు పాడుతుంటారు. పటికకి రంగుండదు గనక అప్పటికేమీ కనపడదు. కాలవలో జాడించి, వేళ్లూ ఆకులూ వేసిన రాగి కాగులో మరిగిస్తే పాట ఎర్రగా తేలుతుంది. అచ్చు ఒకటే అయినా ఒక్కో గొంతుకి ఒక్కో లత. ఊరిపెద్ద సాంబశివరావు గారు పాడితే బీరపాదు వచ్చింది. ఆయన దాన్ని ద్రాక్ష అంటారు. మనం కాదనం.

పడవ నడిపే అప్పయ్య పాడినప్పుడు మాత్రం లత సగంలో ఆగిపోయింది. మిగతాదంతా తెలుపే. మళ్లీ పాడకుండా వాళ్లావిడ పది రోజులు అతని నోటికి తువ్వాలు కట్టింది. పదకొండో రోజు మధ్యాహ్నం కునుకులో అదే పాట పాడాడు. లత ఆగిన మాట దగ్గరే పాటా ఆగింది, ఊపిరీ ఆగింది. ఊరంతా వెళ్లి గుడ్డ చూసి, సరిగ్గానే ఉందనుకుని, భోజనాలకి వెళ్లారు.

ఈ ఏడు ఈస్టరుకి చర్చిలో కొత్త తెర కావాలన్నారు. ఎలీషా భార్య ఎస్తేరు ఆరోజు ఒంటరిగా పాడాల్సిన పాటనే తెరగా అద్దారు. కాగులోంచి తీసి ఆరేస్తే మూడు చరణాలు నిండుగా ఉన్నాయి. నాలుగోది తెలుపు.

పక్కింటి రావమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "కాలవ కట్టేశారు గదరా! బోరు నీళ్లలో జాడించుంటావు. ఉప్పుకి రంగు పట్టలా."

"అంతే అత్తా," అన్నాడు ఎలీషా.

"ఏవండీ, నిజంగా ఉప్పేనా?" అంది ఎస్తేరు.

"ఉప్పే. నువ్వెళ్లి కూర చూసుకో."

బోరు నీళ్లలో ఎన్నో గుడ్డలు జాడించాడు. ఏదీ ఇలా రాలేదు. ఆమె లోపలికెళ్లాక తలుపు గడియ పెట్టి, నాలుగో చరణం తనే పాడుతూ తెల్ల జాగా అంతా అద్దాడు. మళ్లీ మరిగించాడు. ఈసారి నిండింది. కాకపోతే ఎస్తేరుది మల్లెతీగ, అక్కణ్ణించి పొట్లపాదు.

ఈస్టరు రోజు హార్మోనియం ముందు ఎలీషా, తెర ముందు ఎస్తేరు. మూడో చరణం చివర ఆమె ఒక్క క్షణం ఆగింది. ఎలీషా చెయ్యి కూడా ఆగింది. తర్వాత నాలుగో చరణం ఎత్తుకుంది, అచ్చం ఎలీషా గొంతుతో. పాస్టరు గారు జలుబు చేసిందనుకుని మిరియాల పాలు తాగమన్నారు.

ఎస్తేరు ఇంటికొచ్చి బల్ల మీద పరిచే పాత గుడ్డ ఎత్తి చూసింది. ఇరవై ఏళ్లుగా అద్దేటప్పుడు ఎలీషా తీసిన కూనిరాగమంతా దాని మీద పొట్లపాదై అల్లుకుని ఉండేది. ఇప్పుడు సగం తెలుపు.

"సగం ఇచ్చేశారా?"

"ఉప్పు," అన్నాడు ఎలీషా.

ఆ తర్వాత అతను కూనిరాగం మానేశాడు. ఆమె పాటే మానేసింది. మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడం లేదని రావమ్మ నిర్ధారించింది. కారణం వినాలని మూడు నెలలుగా గోడ పక్కనే పీట వేసుకుని చిక్కుళ్లు తుంచుతోంది. ఊళ్లో ఇక ఎవరూ పాట అద్దించుకోవడానికి రావడం లేదు. అందరికీ ఒకేసారి గొంతు బాగోలేదట.

ప్రతి సోమవారం ఎస్తేరు ఆ గుడ్డ ఎత్తి చూస్తుంది. ఎలీషా నోరు మెదపకపోయినా తెలుపు వారానికో అచ్చంత జరుగుతోంది. మొన్న సోమవారానికి ఒక్క పొట్లకాయ మిగిలింది.

ఆమె అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ పాత గుడ్డే బల్ల మీద పరిచి, తనెప్పుడూ పట్టని అచ్చు చేతిలోకి తీసుకుంది.

"వద్దు," అన్నాడు ఎలీషా. "నీకెంత మిగిలిందో తెలీదు."

"మీకు తెలిసే ఇచ్చారా?" అని ఎస్తేరు అచ్చు పటికలో ముంచింది. మగగొంతుతో ఒకసారి దగ్గి, మొదటి చరణం ఎత్తుకుంది.

గోడవతల రావమ్మ పీట కాస్త ముందుకు జరుపుకుంది.