గొన్నా ఎవరితో అనొచ్చు

కెమెరాలో కనిపించేది నడుం దాకానే కాబట్టి, ఆమె అతని చొక్కాకి కాలరూ ముందు భాగమూ మాత్రమే ఇస్త్రీ చేసింది. పెళ్ళయ్యాక ఆమె తెలివంతా ఇలాంటి పొదుపులకే ఖర్చయిపోయింది. అంతకుముందు ఫోన్లలో కస్టమర్లతో మాట్లాడే కుర్రకారుకి ఇంగ్లీషు నేర్పేది. ఇప్పుడు ఒక్కడికే నేర్పుతోంది, అదీ మొగుడికి, జీతం బత్తెం లేకుండా.

వాళ్ళ పద్ధతి వాళ్ళిద్దరికే తెలుసు. మీటింగులో అతను ల్యాప్‌టాప్ ముందు కుర్చీలో ఉంటాడు, ఆమె కెమెరాకి అందకుండా టేబుల్ పక్కన పీట మీద. ఆమె పిడికిలి బిగిస్తే "ఐ యామ్ గోయింగ్ టు" అని మాట పూర్తిగా అనాలి. వేళ్ళు విప్పితే "ఐ యామ్ గొన్నా" అనేయొచ్చు. ఈ తేడా అతనికి ఎక్కించేసరికి ఆమెకి తలప్రాణం తోకకొచ్చింది. సినిమాల్లో ఏరుకున్న గొన్నాలూ వాన్నాలూ కొత్త కస్టమర్ల మీద కూడా చల్లేసేవాడు మరి.

"కలిసి టీ తాగేవాళ్ళతో పర్లేదండీ. మొహం తెలియనివాళ్ళతో వద్దు. ఆఫీసు ఉత్తరాల్లో అసలే వద్దు. తప్పు ఒప్పుకునేటప్పుడైతే మాట నిండుగా ఉండాలి. సగం సగం అంటే తప్పించుకుంటున్నట్టుంటుంది" అని ఓపిగ్గా చెప్పేది.

చెప్పింది వినేవాడు, చెప్పిందెవరో మర్చిపోయేవాడు. చుట్టాలొస్తే "మా ఆవిడకి ఇంగ్లీషంటే బెదురు, నలుగురిలో నోరు విప్పదు" అని నవ్వేవాడు. "మావాడి పక్కనే కూర్చుంటోందిగా, రెండు ముక్కలు అవే వస్తాయిలే" అని అత్తగారు వంతపాడేది. ఆమెకి ఒళ్ళు మండేది. మండుతూనే అందరికీ టీలు అందించేది.

ఉద్యోగం మాటెత్తితే ఎప్పుడూ ఒక అడ్డు ఉండేది. "పాప బడిలో పడనీ" అన్నాడు. పడింది. "నా ప్రమోషన్ కానీ" అన్నాడు. ఆ ఇంటర్వ్యూ ఇవాళే.

ఎక్కడా పప్పులో కాలెయ్యకుండా గట్టెక్కాడు. చివర్లో అవతలి పెద్ద మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి, కొత్తవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే మనిషి కావాలి, నీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఆమె సైగలన్నీ మర్చిపోయింది. చేత్తో తన గుండె మీద తట్టుకుంది. నేను, నేను. అతను చూశాడు. చూసి, కెమెరా వైపు తిరిగి, ఎవరూ లేరన్నాడు. ఆమె నేర్పినట్టే, మాట పూర్తిగా.

ల్యాప్‌టాప్ మూశాక బతిమాలే గొంతుతో అన్నాడు. "ఇంకో ఏడాది ఆగవే. నువ్వెళ్ళిపోతే నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

ఆ మాటతో ఆమెకి ఏడుపు కూడా రాలేదు. పాప పెద్దదవుతుంది, ప్రమోషన్లు వస్తాయి, ఆ పక్క చోటు మాత్రం ఎప్పటికీ ఖాళీ కాదని అర్థమైంది. ఆ మధ్యాహ్నమే ఆ ఆఫీసుకి తనే ఫోన్ చేసింది. మొగుడెవరో చెప్పలేదు. వారం తిరక్కుండా పిలుపొచ్చింది.

బయల్దేరుతుంటే "వంట?" అంది అత్తగారు. ఆ ఇంట్లో ఆమెతో అందరివీ సగం మాటలే, చనువు వల్ల మాత్రం కాదు. "మీరు చూసుకోండి" అని చెప్పులేసుకుంది.

ఎదురుగా ఆ పెద్ద మేడమే. మీ గురించి చెప్పండి అంది. ఆమె నోరు తెరిచింది. ఇంగ్లీషు ధారగా వచ్చింది. "నాకు కోపిష్టి కస్టమర్లంటేనే ఇష్టం. వినడం నాకు నేర్పింది వాళ్ళే." రెండో వాక్యం దగ్గరే ఆగిపోయింది. అది అతని కోసం తను రాసి, బట్టీ పట్టించిన పరిచయం. మొన్న ఈవిడకే అతను అప్పజెప్పింది. ఇన్నేళ్ళలో "నేను" అంటూ ఆమె కట్టిన ప్రతి వాక్యమూ అతని గురించే. తన గురించి వెతుక్కుంటే ఒక్కటీ దొరకలేదు.

మేడమ్ మొహంలో నవ్వు పోయింది. "ఈ మాటలు నేను మొన్నే విన్నాను, మా మనిషి నోట. ఎవరివివి?"

నిజం చెబితే అతని ప్రమోషన్ గల్లంతు. ఆ తర్వాత ఆ ఇంట్లో తన బతుకేమిటో ఆమెకి బాగా తెలుసు. తెలిసే, తొణక్కుండా అంది.

"నావి. ఆయన చేత నేనే పలికించాను."