నాకూ అదే

ఇరవై ఆరేళ్ల కిందట టైలరమ్మ నోరు జారి అన్నవి రెండే రెండు మాటలు. పెళ్లిమాటలకి వచ్చిన కుర్రాడు తనకి ప్రాణమైన సినిమా పేరు చెప్పి, మరి మీకో అని అడిగాడు. చుట్టూ అంతమంది పెద్దవాళ్లు. "నాకూ అదే" అనేసింది. అప్పటికి ఆ సినిమా చూసి కూడా ఉండలేదు మహాతల్లి.

ఆ కుర్రాడే మొగుడయ్యాడు. డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ ఆ కాలు తీయడు. చెడ్డవాడా అంటే కాదు, అదే వచ్చిన చిక్కు. ప్రతి పెళ్లిరోజుకీ ఆ సినిమాయే పెట్టి, నీ సినిమా వచ్చింది రావే అని ప్రేమగా పిలుస్తాడు. అందులో హీరో, హీరోయిన్‌ని మేడగదిలో పెట్టి తాళం వేస్తాడు, మనసు మారేదాకా. మారుతుంది కూడా, ఖర్మ! ఆయన కళ్లు తుడుచుకుంటుంటే ఈవిడ ఆ గది కిటికీ ఊచలు లెక్కపెడుతుంది. తొమ్మిది. ఏ ఏడూ ఒక్కటి తగ్గిన పాపాన పోలేదు.

నచ్చలేదని మొదటి ఏడే చెబుదామనుకుంది. అప్పుడు మొహమాటం. పదో ఏటికి, ఇన్నాళ్లూ అబద్ధమాడావా అంటాడేమోనని భయం. అందరి బట్టలూ వదులు చేసిపెట్టే మనిషికి, తనకి ఊపిరాడకపోవడం మాత్రం అలవాటైపోయింది.

ఓ ఆదివారం మధ్యాహ్నం కూతురు తన ఆఫీసు కుర్రాడిని ఇంటికి తీసుకొచ్చింది. పెళ్లి చేసుకుంటామంటున్నారు. కుర్రాడు మర్యాదస్తుడే. టీలు అవుతుండగా మాస్టారు తన పాత ప్రశ్న బయటికి తీశాడు, అన్నిటికన్నా ఇష్టమైన సినిమా ఏదని. కుర్రాడు ఏదో యుద్ధం సినిమా చెప్పాడు. మొదటినుంచి చివరిదాకా బాంబులేనట, పదిసార్లు చూశాడట. చెప్పి, మరి నీకో అని పిల్లవైపు తిరిగాడు.

కుక్కర్ కూతకే చెవులు మూసుకునే పిల్ల. ఇద్దరు ముసలమ్మలు లారీ నడుపుకుంటూ పోయే సినిమా ఒకటుంటే, దాన్ని దుప్పట్లో దూరి ఫోన్లో చూసుకుంటూ పడీపడీ నవ్వే పిల్ల. తల దించుకుని, కప్పు అంచుని గోటితో గీకింది.

"నాకూ అదే," అంది.

టైలరమ్మ చేతిలో ట్రే బల్లమీద పెట్టేసింది.

"ఏమండీ, నాకు మన సినిమా నచ్చదు," అంది మొగుడితో. "ఒక్కసారి కూడా నచ్చలేదు."

మాస్టారు మొహం చిన్నబోయింది. కుర్రాడు తన టీలోకి చూసుకున్నాడు. చివరికి మాస్టారు, మరి నీకేది ఇష్టం అన్నాడు. పెళ్లిమాటలనాడు అడిగాక ఆయన ఆ మాట మళ్లీ అడగడం ఇదే.

ఆవిడ వెతుక్కుంది. తనకంటూ ఒక్క పేరూ దొరకలేదు. ఏడుపొచ్చింది.

"నేనింకా చూడలేదండీ," అంది.

కూతురు తల్లివైపు చూసింది. తర్వాత కప్పు కింద పెట్టి కుర్రాడివైపు తిరిగింది.

"ఇందాక అబద్ధం చెప్పాను," అంది. "నాది అది కాదు."