గోడ మీద అమ్మ

మా అమ్మాయి పగలంతా గోడ మీదే ఉంటుంది. అంటే, హాల్లో టీవీ పైన బిగించిన కెమెరాలో. ఆఫీసులో కూర్చుని అందులోంచే ఇల్లు నడుపుతుంది. "అమ్మా, బుజ్జికి ఫోన్ ఇవ్వకు." "అమ్మా, దాన్ని గదమాయించకు, మెల్లగా చెప్పు." ఒళ్లు మండిపోతుంది. ఇద్దరిని పెంచాను తల్లీ, ఏ గోడా నాకు పాఠాలు చెప్పలేదు!

మొగుడితో విడిపోయి ఒక్కతే పిల్లను సాకుతోంది. పాపం, దానికి మాత్రం ఎవరున్నారు? బుజ్జికి మూడేళ్లు నిండేదాకా ఉందామని వచ్చాను. ఇప్పుడు దానికి ఐదో ఏడు నడుస్తోంది.

ఇవాళ నేను ఇదివరకు పనిచేసిన యూనిఫాంల షాపు ఓనరు ఫోన్ చేశాడు. "అక్కా, కటింగ్ మాస్టర్ మానేశాడు. కత్తెర మీ చేతిలో ఉంటే నాకు నిశ్చింత. సాయంత్రంలోగా చెప్పండి." దొంతర బట్టను గీత తప్పకుండా కోసిన చెయ్యి నాది. ప్రాణం లేచి వచ్చింది.

కెమెరా వైపు తిరిగి చెప్పేశాను. "నేను పనికి వెళ్తానే."

గోడ మీంచి మా అమ్మాయి, "వెళ్లమ్మా. బుజ్జిని డేకేర్‌లో వేస్తాను. అక్కడ గదికో కెమెరా ఉందట, చూసుకుంటూ ఉంటాలే" అంది. కోపం లేదు, ఏడుపు లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ మాటలు విని బుజ్జి నా దగ్గరికి పరుగెత్తబోయి సోఫా కాలు తగిలి బోర్లా పడింది. పడి, నన్ను కాదు, కెమెరాను చూసింది. "ఏం కాలేదు బంగారం, లే" అని అటునుంచి వినబడ్డాకే ఏడుపు మొదలుపెట్టింది. నేను ఎత్తుకుంటే మెడ చుట్టూ చేతులు బిగించి చెవిలో అడిగింది.

"అమ్మమ్మా, పనికెళ్తే నువ్వు కూడా గోడలోకి వెళ్లిపోతావా?"

కెమెరా కంటికి అందని చోటు వంటగది ఒక్కటే. పిల్లను చంకనేసుకుని అక్కడికి పోయి ఓనరుకి ఫోన్ చేశాను. "కుదరదు తమ్ముడూ."

ఒక్కసారైనా బతిమాలతాడనుకున్నాను. "సరే అక్కా, ఇంకెవరినైనా చూసుకుంటాను" అని పెట్టేశాడు.

హాల్లోకి వచ్చి, "వెళ్లడం లేదులే" అన్నాను.

"అయ్యో, అదేంటమ్మా? నిన్నెవరైనా ఆపారా?" అంది మా అమ్మాయి. దాని గొంతు ఎంత తేలికపడిందో నాకు తెలుస్తూనే ఉంది.

"ఎవరూ ఆపలేదు" అన్నాను. బుజ్జి ఇంకా నా మెడ వదల్లేదు.