పచ్చికట్టె పొగ

తమ్ముడు ఒటో పోయిన దగ్గర్నుంచి మా ఆయన ఎమిల్‌కి ఆకలి చచ్చిపోయింది. పెరటి వైపు గదిలో గోడకేసి తిరిగి పడుకుంటాడు. సూప్ ఇస్తే రెండు చెంచాలు తాగి చాలంటాడు. "ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి ముక్కులో గొట్టం వెయ్యాలమ్మా" అన్నాడు డాక్టరు. మనిషి కళ్ళ ముందే కరిగిపోతుంటే ఏడుపూ వచ్చింది, ఒళ్ళుమంటా వచ్చింది. తిండి మానేస్తే పోయినవాడు తిరిగొస్తాడా?

ఆదివారం చర్చి నుంచి వస్తూనే పెరట్లోకి నడిచాను. అన్నదమ్ములిద్దరూ పాత గ్యాస్ ట్యాంకు కోసి, వెల్డింగ్ చేసి మాంసాన్ని పొగలో వండుకోడానికి తయారుచేసుకున్న పొగపొయ్యి ఎండలో దుమ్ముకొట్టుకుపోయి ఉంది. దాని మూత మీద నన్నెప్పుడూ చెయ్యి వెయ్యనిచ్చిన పాపాన పోలేదు. "ఇది నీ వంటిల్లు కాదు లియోనా వదినా, ఓపిక లేనివాళ్ళకి ఇక్కడ పనిలేదు" అని కుర్చీలో కాళ్ళు బారజాపుకుని వెక్కిరించేవాడు ఒటో. నేను ఇంతెత్తున లేచేదాన్ని. ఇప్పుడా వెక్కిరింత ఒక్కసారి వినపడితే చాలుననిపించింది.

గొడ్డుమాంసంలో భుజం ముక్క పెద్దది తీసుకుని ఉప్పూ మిరియాలూ దట్టంగా పట్టించాను. ముందు పొగలో పైన నల్లగా పొర కట్టాలి. తర్వాత ఉల్లిపాయలు, క్యారెట్లు, ఎముకల రసం వేసిన ఇనుపగిన్నెలోకి మార్చి, ఫోర్కు గుచ్చితే విడిపోయేదాకా మూతపెట్టి వదిలెయ్యాలి. ఇంతేగదా, ఇదేమన్నా బ్రహ్మవిద్యా అనుకున్నాను.

కొట్టం పక్కన ఎండిన ఓక్ కట్టెలు పేర్చి ఉన్నాయి. ఒటో ఆఖరుసారి చీల్చినవి. ఒకటి తీశాను, మళ్ళీ అక్కడే పెట్టేశాను. చేతులు రాలేదు. మొన్నటి గాలివానకి విరిగిపడిన కొమ్మ ముక్కలుంటే అవే పొయ్యిలో వేసి ముట్టించి, మాంసం లోపల పెట్టాను.

కాసేపటికి తెల్లటి పొగ కమ్ముకుంది. ఏమైందోనని మూత తీయడం, సెగ పోయిందని మళ్ళీ వెయ్యడం. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. పొగంతా ఎమిల్ గది కిటికీలోకి పోతోంది.

వెనక తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఓసి నీ దుంపతెగ! మాంసం వండుతున్నావా, దోమలకి పొగ పెడుతున్నావా?"

ఎమిల్! కాళ్ళకి చెప్పుల్లేవు, గడ్డం మాసిపోయింది. గొంతు మాత్రం పాతదే.

"పచ్చికట్టె ఎవరు పెట్టమన్నారే? మాంసం చేదెక్కి చస్తుంది. అన్ని ఎండుకట్టెలుంటే కళ్ళు కనపడలేదా?"

"కనపడ్డాయి. అవి ఒటో చీల్చినవయ్యా. కాలిస్తే అయిపోతాయి" అన్నాను. అంతే, ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

ఆయన కట్టెల దగ్గరికి వెళ్ళాడు. ఒక కట్టె తీసి, చీలిన వైపు బొటనవేలితో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దాచుకోడానికి చీల్చలేదే వాడు."

పచ్చిముక్కల్ని పారతో అవతలికి లాగేసి, ఆ కట్టెని తనే నిప్పుల మీద పెట్టాడు. నెమ్మదిగా తెల్లపొగ విరిగింది. పొయ్యి గొట్టంలోంచి ఉందా లేదా అన్నట్టు పలచగా, నీలంగా పొగ లేచింది. నేను మూత వైపు చెయ్యి చాపాను.

"ముట్టుకున్నావంటే చూడు! మాటిమాటికీ తీస్తుంటే ఇంకేం ఉడుకుతుంది?"

పొయ్యి పక్కనున్న తన కుర్చీలో కూలబడ్డాడు. నేను నిలబడే ఉన్నాను. ఒటో కుర్చీలో రాలిన ఆకుల్ని చేత్తో దులిపి, "కూర్చో" అన్నాడు.

గిన్నె దించేసరికి పొద్దు వాలింది. ఇద్దరం ప్లేట్లు ఒళ్ళో పెట్టుకున్నాం. ఎమిల్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. నేను ఆయన వైపే చూస్తున్నాను.

"చేదుగా ఉంది" అన్నాడు.

గిన్నెలో గరిటె పెట్టి, ఇంకో ముక్క వేసుకున్నాడు.