మీదింటి గోడ

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పిల్లకి ఆసుపత్రిలో మంచం ఇస్తామన్నారు. పెద్ద డాక్టరు వేలు చూపించి మరీ చెప్పాడు: "జ్వరం, దగ్గు లేకుండా తీసుకురా అమ్మా. పాత గోడల దుమ్ములో బూజు ఉంటుంది. అది ఊపిరిలోకి పోతే మందు ఆపాలి. మందు ఆగితే క్యాన్సర్ తిరగబడుతుంది."

అందుకే తల్లి రెండు రోజులుగా ఇంట్లో ఉన్నవన్నీ ఉడకబెడుతోంది. గౌన్లు, దుప్పట్లు, చెంచా, గ్లాసు, ఆఖరికి గుడ్డబొమ్మ కూడా మరుగునీళ్లలో మునిగి తేలింది.

"బొమ్మకి కూడా జబ్బేనా?" అంది ఆరేళ్ల పిల్ల. "అయితే దానికీ గుండు కొట్టించు."

"నోర్ముయ్, మిరపకాయ్," అని తల్లి నవ్వుతూ సంచి జిప్పు లాగింది.

అంతలో పైకప్పు దద్దరిల్లింది. ఒక దెబ్బ. ఇంకొకటి. సున్నం పెచ్చు ఊడి, ఇస్త్రీ చేసిన దుప్పటి మీద పడి పగిలింది. ఆ వెనకే జల్లెడ పట్టినట్టు బూడిదరంగు దుమ్ము.

తల్లి పిల్ల మొహాన తడిగుడ్డ కప్పి, చంకనేసుకుని పరిగెత్తింది. ఎదురింట్లో బట్టలు కుట్టే ఆమె దగ్గర దింపి, "అక్కా, చచ్చినా తలుపు తియ్యకు," అని వెనక్కి తిరిగి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

పైన కిటికీలు పీకేసి ఉన్నాయి. దుమ్ములో సమ్మెట ఎత్తి నిలబడ్డ మనిషి ఆమె మొగుడే. పాత గోడలు కూల్చడమే అతని పని.

"నువ్వా?"

"దగ్గర్లో ఉంటే, పిల్లకి ఏమన్నా అయితే దిగొస్తానని ఈ పని ఒప్పుకున్నానే," అన్నాడతను. "దుమ్ముతో లోపలికి రావద్దన్నావుగా. స్నానం చేసే వద్దామనుకున్నా."

"నువ్వు స్నానం చేస్తే సరిపోద్దా? పైకప్పు ఎక్కడ చేస్తుందయ్యా స్నానం?"

అతను కాళ్ల కింద నేలకేసి చూశాడు. సమ్మెట కింద పెట్టాడు. పని చేయిస్తున్న మేస్త్రి దాన్ని అందుకున్నాడు.

"సాయంత్రానికి గోడ పడాలి. ఒరేయ్, పెళ్లాం కొంగు వదిలి కొట్టు. లేకపోతే తప్పుకో, నేను కొడతా."

"రేపు పొద్దుటిదాకా ఆపు అన్నా. కాళ్లు పట్టుకుంటా," అంది తల్లి.

"పోయే పిల్ల కోసం పని ఆపుతామా అమ్మా?" అంటూ మేస్త్రి సమ్మెట ఎత్తాడు.

తల్లి చేతికి ఇటుక ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలీదు. అది మేస్త్రి దవడకి తగిలి రెండు ముక్కలైంది. సమ్మెట జారింది. అతను ఆమె జుట్టు పట్టుకుని గోడకి బాదితే ఆమె కిందపడింది. మొగుడు వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యేసి మేస్త్రిని నేలకి లాగి, గుండెల మీద కూర్చుని పిడికిలితో గుద్దాడు. "పోయే పిల్లా? అను! మళ్లీ అను!" మేస్త్రి ఊసిన నెత్తుట్లో పన్ను కనబడింది. ఇంకా కొట్టేవాడే, తల్లి రెక్క పట్టి లాగకపోతే. మేస్త్రి మోకాళ్ల మీద పాక్కుంటూ మెట్లు దిగిపోయాడు.

అప్పుడు చూసుకుంది. కిందపడ్డప్పుడు తుప్పు పట్టిన ఇనుప చువ్వ ఆమె కుడి అరచేతిని అడ్డంగా చీల్చేసింది. ఏడు కుట్లు పడ్డాయి.

మర్నాడు పిల్లకి జ్వరం లేదు, దగ్గు లేదు. వార్డు తలుపు దగ్గర నర్సు తల్లి చేతి కట్టు చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"పచ్చి గాయంతో లోపలికి రాకూడదమ్మా. తోడు ఇంకెవరు?"

"ఇంకెవరూ లేరు. వాళ్ల నాన్న."

"నాన్నకేం తెలుసు? నాన్నకి థర్మామీటరే చూడ్డం రాదు!" పిల్ల గుక్కపట్టింది.

నర్సు అతని చేతులు మూడుసార్లు కడిగించింది, గోళ్లు మొదలంటా కత్తిరించింది. తండ్రీ కూతుళ్లు లోపలికెళ్లాక తలుపు మూసుకుంది. తల్లి దాని అద్దానికి మొహం ఆనించింది.

లోపల సూది చూడగానే పిల్ల అమ్మ కావాలని అరిచింది. తండ్రి దాన్ని ఒళ్లో బిగించి పట్టుకున్నాడు. పిల్ల ఖాళీగా ఉన్న చేత్తో అతని మొహం మీద గుద్దింది, రక్కింది, ముక్కు మీద మళ్లీ గుద్దింది. అతను మొహం తిప్పుకోలేదు.

"కొట్టు," అంటున్నట్టు అతని పెదాలు కదిలాయి. "ఆ చెయ్యి మాత్రం కదపకు తల్లీ. నన్ను కొట్టు."