జేబులో 'మి' అక్షరం

ఉసుకి ఓడరేవు వెనక వీధిలో ఫుసయే నడిపే పాటల గది మధ్యాహ్నం ఒంటిగంటకు తెరుచుకుంటుంది, అయిదింటికల్లా మూతపడుతుంది. వచ్చేవాళ్లంతా అరవై దాటినవాళ్లే. ఎవరికి నచ్చిన పాట వాళ్లు పాడుకునే రోజుల్లో మంగలి ఎతో ఒకే ఒక్క తుఫాను పాటను ఆరేళ్లపాటు వారం వారం పాడి అందరి చెవులకూ చిల్లులు పొడిచాడు. ఆ బాధ పడలేకే ఫుసయే గురువారం నియమం పెట్టింది. టీ డబ్బాలో నలభై నాలుగు చెక్కబిళ్లలు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం. చేతికి ఏ బిళ్ల వస్తే ఆ అక్షరంతో పేరు మొదలయ్యే పాటే పాడాలి. పాటల పుస్తకం కూడా అదే వరుసలో, 'అ' నుంచి 'వ' దాకా ఉంటుంది కాబట్టి బుకాయించడానికి వీల్లేదు. పాట దొరకనివాళ్లు అందరి కప్పులూ కడగాలి. 'ను' అక్షరం వచ్చి ఎతో ఇప్పటికి మూడుసార్లు కడిగాడు. ఊరికి కాస్త శాంతి దొరికింది.

హిమెనో తెత్సుజికి డెబ్భై ఒకటి. నలభై ఏళ్లు ఊళ్లో బస్సు నడిపాడు. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన గొంతుకీ రాగానికీ ఎన్నడూ పొత్తు కుదరలేదు. అయినా గురువారం మాత్రం తప్పడు. ఎందుకంటే ఎదురు కుర్చీలో అనమి కియో కూర్చుంటుంది. బడిపిల్లల దుస్తులు కుట్టి కుట్టి రిటైరైన మనిషి. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతుంది. ఆ నవ్వు చూడటానికే హిమెనో కావాలని తప్పు పాడతాడని ఎతో అంటాడు. అది అబద్ధం. ఆయన తప్పులన్నీ నిజమైనవే.

సెప్టెంబరు మొదటి గురువారం కియో ఒక మాట చెప్పింది. సముద్రానికి అవతల యవతహమలో ఉన్న చెల్లెలికి మోకాళ్లు పనిచేయడం లేదట, నారింజతోట చూసుకునే దిక్కు లేదట, నవంబరులో సామాను సర్దుకుని అక్కడికే వెళ్లిపోతుందట. అది విన్నప్పుడు హిమెనో గుండెల్లో రాయి పడింది. ముందున్న టీ కూడా సరిగ్గా తాగలేదు.

ఆయనకి ఒక పాత పాట తెలుసు. 'మినతో' అని మొదలవుతుంది. మినతో అంటే రేవు. ఓడ ఎక్కుతున్న మనిషితో నోటిదాకా వచ్చిన మాట చెప్పలేక, రేవులో నిలబడిపోయినవాడి పాట అది. ఆ పాట కియో ముందు పాడాలి. మాటల్లోనే చెప్పేయొచ్చు కదా అంటే, అంత ధైర్యం ఉంటే ఈ కథే లేదు. పాటయితే బిళ్ల చాటున దాక్కోవచ్చు. 'మి' వచ్చింది, పాడాను, నాదేముంది అనొచ్చు. కానీ నలభై నాలుగింటిలో 'మి' రావాలంటే ఎన్ని గురువారాలు కావాలి? అందుకని ఆ సాయంత్రమే అందరూ చెప్పులు తొడుక్కుంటుంటే ఆయన డబ్బాలో చెయ్యి పెట్టి 'మి' బిళ్ల తీసి జేబులో వేసుకున్నాడు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా ఎర్రదీపం దాటని డ్రైవరు చేసిన పని ఇది.

ఆ తర్వాత వారం బిళ్లను అరచేతిలో దాచి డబ్బాలో చెయ్యి పెట్టాడు. చివరి క్షణంలో ధైర్యం చాలక వేరే బిళ్ల తీశాడు. ఆ పై వారమూ అంతే. ఇంట్లో స్నానాల తొట్టిలో పాట బ్రహ్మాండంగా వచ్చేది. ఇక్కడికొస్తే మొదటి మాటే మర్చిపోయేవాడు. ఇది చాలదన్నట్టు, ప్రతి గురువారమూ ఆట అయ్యాక కియో డబ్బా వైపు చూసి ఒకే మాట అనేది.

"ఈ వారం కూడా 'మి' రాలేదేంటో."

మొదట్లో హిమెనో పట్టించుకోలేదు. అయిదో వారానికి అర్థమైంది, కాదు, అర్థమైందనుకున్నాడు. ఆవిడకీ 'మి'తో మొదలయ్యే పాటేదో పాడాలని ఉంది. ఊరు వదిలేలోపు ఆ అక్షరం వస్తుందని ఎదురుచూస్తోంది. అది తన జేబులో ఉంది. ఆ రాత్రి నుంచి బిళ్ల జేబులో సుత్తంత బరువైంది.

నవంబరు మొదటి గురువారం కియో పెట్టెతో సహా వచ్చింది. సాయంత్రం ఓడకి ప్రయాణం. ఫుసయే అందరికీ కబోసు నిమ్మకాయ పిండిన వేడినీళ్లు, కాల్చిన చిలగడదుంపలు పెట్టింది. ఎతో 'హ' తీసి, 'హరు' అని మొదలయ్యే ఏదో వసంతం పాట తుఫానులాగే పాడాడు. డబ్బా హిమెనో చేతుల మీదుగా కియోకి వెళ్లాలి.

పాడితే ఇవాళే పాడాలి. కానీ తను పాడితే ఆవిడ కోరిక తీరదు. హిమెనో జేబులో చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. ఆఖరికి డబ్బా అందిస్తూ బిళ్లను పైన జారవిడిచాడు. రెండు నెలలుగా గొంతులో దాచుకున్న పాట అక్కడితో పోయిందనుకున్నాడు. ఏడుపొచ్చినంత పనైంది.

కియో బిళ్ల తీసి చూసింది. మొహంలో సంతోషం ఏ కోశానా లేదు.

"ఇది నాకెందుకిచ్చారు హిమెనోగారూ?"

"నేనెక్కడిచ్చాను? మీకే వచ్చింది."

"ఇంకా వెచ్చగా ఉంది. తొమ్మిది వారాలు జేబులో పెట్టుకుంటే వెచ్చగానే ఉంటుంది మరి."

"తొమ్మిది వారాలా?" అన్నాడు ఎతో. "ఏంటయ్యా హిమెనో, దొంగతనమా?"

"మీరు తీసింది గోడమీది అద్దంలో చూశాను," అంది కియో. "ఏదో పాడతారు కాబోలు అనుకున్నాను. వారం వారం గుర్తు కూడా చేశాను కదా."

"నాకూ తెలుసు," అంది ఫుసయే, దుంప తొక్క తీస్తూ. "వారం వారం బిళ్లలు తుడిచి పెట్టేది నేనే. నలభై మూడే ఉంటున్నాయి. పెద్దమనిషిని ఏమంటాంలే అని ఊరుకున్నా."

"అంటే నాకొక్కడికే తెలీదా?" అన్నాడు ఎతో బాధగా.

హిమెనోకి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. "మీరు పాడాలనుకుంటున్నారనుకున్నాను," అని గొణిగాడు.

"నేనా? 'మి'తో మొదలయ్యే పాట నాకు ఒక్కటీ రాదు." కియో బిళ్లను ఆయన ముందు పెట్టింది. "పాడండి. ఓడకి టైమవుతోంది."

పాడాడు. రెండో చరణంలో గొంతు జీరబోయింది, పై స్వరం దగ్గర పూర్తిగా చేతులెత్తేసింది. పాటల యంత్రం నూటికి యాభై ఎనిమిది మార్కులు వేసింది. ఎతో నవ్వబోయి, ఫుసయే చూపు చూసి మానుకున్నాడు. హిమెనో మైకు కింద పెట్టలేదు. ఇక దాక్కోవడానికి బిళ్ల కూడా లేదు.

"మీరు వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు," అన్నాడు. మైకులోని ప్రతిధ్వని ఆ మాటను ఇంకో రెండుసార్లు అంది.

కియో కళ్లు తుడుచుకుంది. తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

"ఓడ రెండున్నర గంటలే హిమెనోగారూ. మీరేమో నన్ను చంద్రమండలానికి సాగనంపుతున్నట్టు పాడారు."

"రోజూ రాలేను కదా."

"రోజూ ఎవరు రమ్మన్నారు? ఆదివారం పొద్దుటి ఓడకి రండి. కాయలు పండిపోయాయి, కోసేవాళ్లు లేరు."

"నాకు కాయలు కోయడం రాదండీ."

కియో పెట్టె అందుకుంది. "పాడటం మాత్రం వచ్చా? పాడలేదూ?"