కూతురికొచ్చిన పిలుపు

ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా ఆయన్ని అందరూ ప్లానింగ్ సార్ అనే పిలిచేవారు. అట్టపెట్టెలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఏ యంత్రం మీద ఏ పెట్టె ఎప్పుడు తయారవ్వాలో, ఏ లారీ ఎప్పుడు కదలాలో తేల్చి చెప్పే పని ఆయనది. ఆయన గీసిన గీత యజమాని కూడా దాటేవాడు కాదు. అలాంటిది, యజమాని పోయి కొడుకులు స్థలం అమ్మేసుకోవడంతో, పొద్దున టిఫిను తిన్నాక ఏం చెయ్యాలన్న ఒక్క విషయం మాత్రం ఆయన ప్లానుకు అందకుండా పోయింది.

సరిగ్గా అప్పుడే ఆయన కూతురు చిట్టి డిగ్రీ పూర్తి చేసింది. ఇంట్లో ఉన్నది ఒకటే లాప్‌టాప్, ఒకటే డైనింగ్ టేబులు. పొద్దున ఆయన ఉద్యోగం వెతుక్కుంటూ కూర్చునేవాడు, మధ్యాహ్నం ఆమె. చిట్టి వాళ్ళమ్మ ఒక స్కూల్లో గుమాస్తా. బ్యాగు భుజాన తగిలించుకుంటూ, "ఇద్దరూ కొట్టుకోకుండా వెతుక్కోండి. ముందు ఎవరికొస్తే వాళ్ళు రెండోవాళ్ళకి కాఫీ పెట్టాలి" అని నవ్వి వెళ్ళేది.

మొదట్లో ఆయనకది సరదాగానే ఉంది. తన హయాంలో ఎంతోమంది కుర్రాళ్ళను ఇంటర్వ్యూ చేసి తీసుకున్నవాడు కదా, కూతురికి సలహాలు చెబుతుంటే మళ్ళీ తన కుర్చీలో కూర్చున్నట్టే ఉండేది.

"అమ్మా, లోపలికెళ్ళగానే కుర్చీ లాక్కుని కూర్చోకు. కూర్చోమన్నాక కూర్చో. తెలియనిది అడిగితే తెలియదని చెప్పు. నసిగావంటే అక్కడే దొరికిపోతావు."

"సరే నాన్నా."

"నీ బలహీనత ఏంటని అడుగుతారు. ఎక్కువ కష్టపడ్డమే నా బలహీనత అని మాత్రం అనకు. నా ముందు ఆ మాటన్నవాణ్ణి ఒక్కణ్ణీ తీసుకోలేదు నేను."

చిట్టి పడీపడీ నవ్వేది. ఆ నవ్వుకి ఆయన ప్రాణం లేచొచ్చేది.

తర్వాత చిట్టికి ఫోన్లు రావడం మొదలైంది. ఇక్కడ రాత పరీక్ష, అక్కడ వీడియోలో ఇంటర్వ్యూ. అన్నీ కుదరకపోయినా, పిలుపంటూ వస్తోంది. ఆయనకు వచ్చేవన్నీ ఒకే మూసలో పోసిన జవాబులు. 'మీ అనుభవం మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకుంది' అని మొదలవుతాయి. కొన్నాళ్ళకు ఆయన ఆ పొగడ్తలు చదవడం మానేసి, 'కానీ' ఎక్కడుందో అని నేరుగా దాన్నే వెతుక్కునేవాడు.

అలా అలా ఆయనలో ఏదో పులియడం మొదలుపెట్టింది. టేబులు మీద చిట్టి ఫోను మోగితే చిర్రెత్తుకొచ్చేది. భార్య పొద్దున్నే లేచి కూతురి చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, "నా చొక్కాలకి ఆ యోగం ఎప్పుడో!" అనేవాడు. ఆవిడ జోకనుకుని నవ్వేది. ఎదురింటాయన మెట్ల మీద కనబడి, "అమ్మాయి భలే చురుకండీ, ఇవాళో రేపో కొట్టేస్తుంది" అంటే, "అవునండీ, అవునండీ" అని పళ్ళికిలించి, పైకి వచ్చి తలుపు కాస్త గట్టిగా వేసేవాడు. కన్నకూతురి మీద కుళ్ళేమిటి, ఛీ, అని తనను తాను తిట్టుకునేవాడు. తిట్టుకున్నంత సేపూ బాగానే ఉండేది. మళ్ళీ ఫోను మోగేది.

ఇలా ఉండగా ఊరి చివర ఉన్న ఒక గిడ్డంగుల కంపెనీ ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చింది. సరుకు రాకపోకలు చూసుకోవడానికి కొత్తగా చదువు ముగించినవాళ్ళు కావాలి, ప్లానింగ్ చూడ్డానికి అనుభవం ఉన్నవాళ్ళు కావాలి అని. తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకే రోజు, ఒకరి తర్వాత ఒకరు అదే లాప్‌టాప్‌లో దరఖాస్తు పెట్టారు. చిట్టి రెండో నంబరు అడిగిన చోట తండ్రి నంబరు ఇచ్చింది.

వారం తిరక్కుండా చిట్టిని పిలిచారు. ఆయన్ని పిలవలేదు.

ఇంటర్వ్యూ మధ్యాహ్నం మూడు గంటలకు. ఆ పొద్దున చిట్టి ఫోను ఆపేసి, గది తలుపేసుకుని, అద్దం ముందు మాట్లాడ్డం సాధన చేస్తోంది. భార్య స్కూలుకి వెళ్ళిపోయింది. ఆయన బాల్కనీలో పేపరు తిరగేస్తుండగా ఆయన ఫోను మోగింది. తెలియని నంబరు. గిడ్డంగుల కంపెనీ నుంచని వినగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మాయి ఫోను కలవట్లేదండీ" అంది అవతలి అమ్మాయి. "మా డైరెక్టరు గారు మధ్యాహ్నం ఊరెళ్తున్నారు. ఇంటర్వ్యూ పదకొండుకి మార్చాం. కాస్త చెప్తారా?"

ఆయన నిలబడే ఉన్నాడు. "సరే, చెప్తాను."

"థాంక్యూ అంకుల్."

అంకుల్ అన్న ఆ మాట ఆయనకు చెంప మీద చరిచినట్టు తగిలింది. ఆ కంపెనీ దగ్గర తన బయోడేటా ఉంది. పేరుంది, హోదా ఉంది, ఇదే నంబరుంది. వాళ్ళకి మాత్రం తాను ఒక పిల్ల తండ్రి, కబురు మోసే అంకుల్.

తలుపు అటు పక్కనుంచి చిట్టి గొంతు వినిపిస్తోంది. వెళ్ళి చెప్పడానికి పట్టేది రెండు అడుగులు. 'ఈ పేజీ అయ్యాక చెప్తాను' అనుకుని మళ్ళీ పేపరు పట్టుకుని కూర్చున్నాడు. పేజీ అయింది. కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోశాడు. ఆకుల మీద దుమ్ము తుడిచాడు. ఎండిన ఆకులు ఏరాడు. చెప్పకూడదని ఆయన ఎక్కడా అనుకోలేదు. 'చెప్తాను, చెప్తాను' అనుకుంటూనే ఉన్నాడు. కానీ వెళ్ళకపోతే ఏమవుతుందో మాత్రం ఆయనకు బాగా తెలుసు. ఎంత ఆలస్యమైతే ఎక్కడ దెబ్బతింటుందో లెక్కగట్టడమే కదా ఆయన జీవితమంతా చేసింది.

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి భార్య.

"ఏమండీ, అది ఏమైనా తిందా? ఖాళీ కడుపుతో వెళ్తుందేమో చూడండి. కంపెనీ నుంచి మళ్ళీ ఫోనేమైనా చేశారా?"

"లేదు" అన్నాడు ఆయన.

అనేశాక ఆ మాట ఆయన చెవులకే వినబడింది. అప్పటిదాకా ఆలస్యం అనుకుంటున్నది కాస్తా అబద్ధమైపోయింది. భార్య ఇంకేదో చెబుతోంది. ఆయన ఫోను పెట్టేసి, వెళ్ళి కూతురి తలుపు దబదబా బాదాడు.

"చిట్టీ! ఇంటర్వ్యూ పదకొండుకట! లే, లే, బండి తీస్తున్నా!"

చిట్టి గడియారం చూసి కెవ్వుమంది. చెప్పుల్లో కాళ్ళు సరిగా దూర్చకుండానే మెట్లు దిగింది. స్కూటరు మీద వెనక కూర్చుని, గాలిలో జుట్టు సర్దుకుంటూ అడిగింది. "ఎప్పుడు చేశారు నాన్నా?"

"ఇందాక."

"ఇందాక అంటే?"

ముందు లారీ అడ్డొచ్చింది. ఆయన హారను మోగించాడు.

చేరేసరికి పదకొండు దాటి చాలాసేపయింది. రిసెప్షనులో ఉన్న అమ్మాయి ముఖం చిట్లించింది. "అదేంటండీ, తొమ్మిదిన్నరకే ఫోన్ చేసి చెప్పాం కదా? మీ పేరు పిలవడం కూడా అయిపోయింది."

చిట్టి తండ్రి వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. లెక్క ఎక్కడ తప్పిందో అర్థంకాని పిల్ల చూపది. కోపమున్నా బాగుండేదనిపించింది ఆయనకు.

"తప్పు మా అమ్మాయిది కాదమ్మా" అన్నాడు రిసెప్షను బల్ల పట్టుకుని. "నేనే చెప్పలేదు. నువ్వు ఫోన్ చెయ్యగానే నేను చెప్పుంటే అరగంట ముందే వచ్చుండేది. అందరి తర్వాతైనా ఒక్కసారి పంపించండి. దయచేసి."

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళొచ్చి, "కూర్చోండి, చివర్లో చూస్తారట" అంది.

చిట్టి వెళ్ళి దూరంగా మరో వరసలో కూర్చుంది. పిలిచినప్పుడు తండ్రివైపు చూడకుండా లోపలికి వెళ్ళింది. బయటకొచ్చి, "నేను బస్సులో వస్తా" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది.

సాయంత్రం ముగ్గురూ టేబులు దగ్గర ఉన్నారు. భార్యకు ఇంకా ఏమీ తెలియదు. చిట్టి తింటున్న కంచం పక్కకు జరిపింది.

"ఎందుకు చెప్పలేదు నాన్నా? మర్చిపోయావా?"

అవునంటే అక్కడితో పోయేది. కూతురు ఆ దారి తెరిచిపెట్టిందని ఆయనకు తెలిసింది.

"మర్చిపోలేదు" అన్నాడు. "నీకొచ్చింది. నాకు రాలేదు. అంతే."

"అంటే... నా మీద కుళ్ళుకున్నావా?"

"అవునమ్మా."

భార్య చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. "ఏం మాటలండీ అవి? కన్నబిడ్డ మీద!" అంది. ఆయన తల దించుకున్నాడు. చిట్టి ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నీ మొదటి ఫోను నుంచి."

చిట్టి లేచి చెయ్యి కడుక్కుంది. ఆ తర్వాత కొన్నాళ్ళు తండ్రితో మాట్లాడలేదు. లాప్‌టాప్ వంతు అయిపోతే టేబులు మీద మూసిపెట్టి వెళ్ళేది, అంతే. భార్య కూడా అవసరానికి మించి పలకలేదు. ఇంట్లో గిన్నెలు మాత్రమే మాట్లాడుకునేవి.

గిడ్డంగుల కంపెనీ వాళ్ళు చిట్టిని తీసుకున్నారు. ఆ కబురు వచ్చిన రోజు భార్య కూతురిని కావలించుకుని గిరగిరా తిప్పేసింది. ఆయన గుమ్మంలో నిలబడి, "మంచిదమ్మా" అన్నాడు. సంతోషం లేకపోలేదు, నిజంగానే ఉంది. కానీ దాని పక్కనే ఆ మంట కూడా ఉంది. రెండూ ఒకే గదిలో అద్దెకున్నవాళ్ళలా ఉన్నాయి. ఆయన వంటింట్లోకి వెళ్ళాడు, ఏం చెయ్యాలో తోచక మంచినీళ్ళు తాగాడు.

వెనకాలే చిట్టి వచ్చింది.

"నాన్నా, ఒకటడగనా? నాకు ఇన్ని చెప్తావు కదా. ఆ కంపెనీ నిన్నెందుకు పిలవలేదో అడిగావా?"

"ఎలా అడుగుతాం? బాగోదు."

"నన్ను అంత ఏడిపించడం బాగుందా?" అంది చిట్టి. గొంతులో ఇంకా పదును ఉంది. "నేను క్షమించేశాననుకోకు. నాకింకా కోపంగానే ఉంది. కానీ నువ్విలా బాల్కనీలో కూర్చుని నన్ను చూస్తూ ఉంటే నేను రోజూ ఆఫీసుకి ఎలా వెళ్ళాలి? ఫోన్ చెయ్యి. అడుగు."

మర్నాడు ఆయన చాలాసేపు గొంతు సవరించుకుని ఫోన్ చేశాడు. అదే అమ్మాయి ఎత్తింది. విషయం చెబితే కాసేపు వెతికి, కాస్త మొహమాటంగా అంది. "సార్, మీ బయోడేటాలో అంతా మేనేజరు, మేనేజరు అనే ఉంది. ఇక్కడున్నది షిఫ్టు పని. మీకంటే చిన్నాయన కింద చెయ్యాలి. మీరు ఒప్పుకోరనుకున్నారు మావాళ్ళు."

"నన్ను అడిగితే కదా తెలిసేది!"

"నిజమే సార్. ఇప్పుడు మాత్రం ఆ పోస్టు నిండిపోయింది."

కోపం రావాల్సిందే. రాలేదు. ఇన్నాళ్ళూ తనని ఎందుకూ పనికిరానివాడని పక్కన పెట్టారనుకున్నాడు. వాళ్ళు మాత్రం పెద్దవాడని జంకారు. అంకుల్ అన్న అమ్మాయి ఇవాళ సార్ అందన్నది కూడా ఆయన గమనించకపోలేదు.

ఆ మధ్యాహ్నం మూడు పేజీల బయోడేటాను చిట్టి ముందు పెట్టాడు. తిరస్కారాలకంటే చిట్టి కొట్టేసిన వాక్యాలే ఎక్కువ బాధపెట్టాయి. ప్రతి గీతకీ ఆయన వాదించాడు. "ఇది తీసేస్తే నేనేం చేశానో ఎలా తెలుస్తుంది?" అంటే, "హోదాలు కాదు నాన్నా, నువ్వు చేసిన పనేదో చెప్పు" అంది. మొత్తానికి ఒక పేజీ మిగిలింది. కింద, షిఫ్టుల్లో పనిచెయ్యడానికి సిద్ధం అని ఆయనే రాశాడు.

రెండు నెలలు ఆ పేజీ పట్టుకుని తిరిగాక, కాగితం కప్పులు చేసే చిన్న కర్మాగారంలో పని దొరికింది. పొద్దున్నే మొదలయ్యే షిఫ్టు. పై అధికారి వయసు ఆయన వయసులో సగం ఉంటుంది. మొదటిరోజే ఆ కుర్రాడు కప్పుల లెక్క తప్పు చెబితే, సరిదిద్దబోయి నాలిక్కరుచుకున్నాడు. మూడోరోజు ఆ కుర్రాడే వచ్చి, "సార్, ఇదొకసారి చూస్తారా?" అని అడిగాడు.

కుళ్ళు పూర్తిగా పోయిందా అంటే, పోయిందని చెప్పలేం. ఒక సాయంత్రం చిట్టి బ్యాగు సోఫాలో విసిరేసి, "అందరి ముందూ మా మేనేజరు నన్ను చెడామడా తిట్టాడు. లారీ తప్పు చోటికి పంపానట" అంది. ఆ మాట వినగానే ఆయన పెదవుల చివర చిన్న నవ్వు మొలిచింది. భార్య అది చూసి కళ్ళెర్రజేసింది. ఆయన చప్పున కాఫీ కప్పు అడ్డం పెట్టుకుని, కుర్చీ కూతురి దగ్గరికి జరుపుకున్నాడు.

"తర్వాత? లారీ ఎక్కడుంది ఇప్పుడు? డ్రైవరు నంబరు ఉందా నీ దగ్గర?"